అదురు లేని మిద్దె

మా పైనింటి అవ్వ పోయింది. పొద్దున పాలు పట్టుకుని మెట్లెక్కిన నేనే మొదట చూశాను. మగ్గం పక్కన చాపల మీద బోర్లా పడి ఉంది. ముందురోజు సాయంత్రమే పడిపోయి ఉంటుందని, వెంటనే ప్రాణం పోయి ఉండదని డాక్టర్ అన్నాడు. ఆ రెండో మాట ఆయన అనకుండా ఉండాల్సింది.

ఆమెకూ మాకూ చుట్టరికం లేదు. గద్వాలలో ఒక పాత కట్టె మిద్దెకు కింద మేము, పైన ఆమె. వానలకు గుంట మగ్గంలోకి నీళ్లు వస్తున్నాయని, పైగదిలో చట్రం మగ్గం పెట్టుకుని చీరలు నేసేది. ఆమె ఒక్కో పోగుకూ మగ్గం పలక గుంజి కొడుతుంటే పైన చెక్కలు, వాటి కింది వాసాలు అదిరేవి. ఆ అదురు స్తంభాల వెంట దిగి మా మంచందాకా వచ్చేది. చాలా ఏళ్లు మేము దాన్ని పట్టించుకోనేలేదు.

వలస పనికి పోయిన మా ఆయన సెంట్రింగ్ మీది నుంచి పడి, వెన్నుకు ఆపరేషన్ అయి మంచాన పడ్డాక అన్నీ మారాయి. చిన్న అదురుకే ప్రాణం పోయినట్టు అరిచేవాడు. అవ్వ మెట్ల మీదికి వచ్చి, "నా మగ్గానికి గాదు బిడ్డా, నీ మొగుని అరుపులకే ఊగుతది మిద్దె" అనేది. అని, నేత ఆపేసేది. అప్పటి నుంచి గోడవారగా, చెక్కలు తక్కువ కదిలే చోటే నడిచేది. మగ్గం ఎక్కే ముందు ప్రతిసారీ పిలిచేది.

"బిడ్డా, పండుకుండా ఆయన? జర నేసుకోనా?"

"పండుకుండు అవ్వా, కానియ్."

బరువు పెడితే కదలదనుకుని పల్లికాయ మూటలు పైకెక్కించాం. అదురు కాస్తా ఊపుగా మారింది, మా ఆయనకు వాంతులయ్యాయి. ఆఖరుకు అవ్వే వడ్లాయనను పిలుచుకొచ్చింది. వాసానికీ వాసానికీ మధ్య అడ్డకట్టెలు బిగించి, నడుమ ఒక స్తంభం నిలబెట్టాడు. మగ్గం కాళ్ల కింద టైరు ముక్కలు పెట్టాడు. గదినిండా అవ్వ పీచు చాపలు రెండు పొరలుగా పరిచింది. ముల్లు దిగినోనికే నొప్పి తెలుస్తదని అంటూ ఉండేది గానీ, మా ముల్లు కూడా ఆమెకే దిగినట్టుండేది.

"ఇగ నీ మొగుడు రాజు లెక్క పండుకుంటడు, నేను రాణి లెక్క నేసుకుంట" అని మురిసిపోయింది. నిజంగానే కింద మాకు ఏమీ తెలిసేది కాదు. ఇక ఆమెకు అడగాల్సిన పని లేకపోయింది. పైనుంచి పిలుపు కూడా ఆగిపోయింది. ఆ సుఖానికి మేమెంత సంతోషపడ్డామో తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది. ఆమె పడిన సాయంత్రం మేము అన్నం తిన్నాం, నవ్వుకున్నాం, హాయిగా నిద్రపోయాం. అందరూ వయసైపోయింది కదా అంటున్నారు. ఆ మాట నాకెందుకూ పనికిరావడం లేదు.

దినాలయ్యాక మా ఆయన ఉన్నట్టుండి, "పైకి పోయి జర నడువు" అన్నాడు.

"ఎందుకు?"

"పో, చెప్తున్న గద."

వెళ్లాను. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. అవ్వ పడిన చోట మోకాళ్లు వదిలేసి, ఒళ్లంతా బరువుగా కూలబడ్డాను. చాపకు చెంప ఆనించి అలాగే ఉండిపోయాను.

కింది నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఇంకా పోలేదా పైకి?"