డ్రాఫ్టు రోజు పెళ్ళిచూపులు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లోవాళ్ళే ఊరంతా చాటుతుంటారు. వాళ్ళ తప్పేం లేదు. మా ఇంటి వెనక చెక్క డెక్ మీద ఓ ఎలుగుబంటి నాతో కూర్చుని టీ తాగిందని ఒకసారి చెప్పాను. అది టీ తాగలేదు, పంచదార డబ్బా ఎత్తుకుపోయింది, అంతే. కానీ ఈ సంగతిలో తీసేయడానికేమీ లేదు. కలపడానికైనా నాకు సందు దొరకలేదు. నోరు తెరుచుకుని కూర్చోవడంతోనే సరిపోయింది.

న్యూజెర్సీలో రెండు ఫుట్‌బాల్ టీములు ఆడతాయి. కాలితో తన్నేది కాదు, బంతి చేత్తో విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్. రెండూ మన గడ్డ మీదే ఆడి, పేరు మాత్రం పక్కరాష్ట్రానిది పెట్టుకుంటాయి. ఒకే ఇంట్లో తండ్రిది ఓ టీము, కొడుకుది ఓ టీము అయిందంటే ఆదివారాలు ఆ ఇంట్లో అన్నం అరగదు. అందుకని, ఎడిసన్‌లో నాతోపాటు రోజూ ట్రైనెక్కే మిత్రుడు, "గురూ, మా అమ్మాయికి ఎక్కడైనా సంబంధం ఉంటే చూడు" అన్నప్పుడు నేను జాతకం అడగలేదు.

"ఏ టీము?" అన్నాను.

చెప్పాడు. మా టీమే. తర్వాతి వారమే ఓక్ ట్రీ రోడ్డులో కూరల కొట్లో, బెండకాయల ముచికలు విరుస్తూ, ఈసారి మన టీముకి ఎవరు కావాలో ముక్కూ మొహం తెలియని మనిషికి పాఠం చెబుతున్న పెద్దమనిషి ఒకాయన తగిలాడు. పిస్కాటవేలో ఉంటాడు, రోడ్ల ఇంజనీరు. కొడుకున్నాడు. "మావాడు ఫార్మా కంపెనీలో చేస్తున్నాడు మాస్టారూ, డేటా అంతా వాడి చేతిమీదే" అన్నాడు. ఆ ముక్కని నేను ఎడిసన్ చేరేసరికి కాస్త పెంచాను. వాడొక్కరోజు సెలవు పెడితే అమెరికాలో సగం మాత్రలు తయారవ్వవన్నాను. సంబంధాలు కుదిర్చేవాడు ఆమాత్రం ఉప్పూకారం వెయ్యకపోతే ఎవరు రుచి చూస్తారు?

ఆ రోజుల్లో డ్రాఫ్టు శనివారం మధ్యాహ్నం మొదలయ్యేది. కాలేజీల్లో ఆడిన కుర్రాళ్ళని టీములు ఒక్కొక్కరినీ ఏరుకునే రోజది. మొదటి విడతలో ఒక్కో టీముకీ ఆలోచించుకోవడానికి పావుగంట. ఆ పావుగంటల్లో అభిమానులు చేసే చర్చలు శాసనసభలో కూడా జరగవు. పెళ్ళిచూపులకి ఏ రోజన్నా వస్తాంగానీ ఆ శనివారం మాత్రం కుదరదన్నాడు అబ్బాయి తండ్రి. అమ్మాయి తండ్రి కూడా అదే మాటన్నాడు. అలాగైతే టీవీ ముందే కానిచ్చేద్దామన్నాను. ఇద్దరూ ఎగిరి గంతేశారు.

ఎడిసన్ వాళ్ళింట్లో పెద్ద టీవీ, మిరపకాయ బజ్జీలు, కేసరి. అబ్బాయి, వాళ్ళమ్మా నాన్నా ఒక సోఫాలో, అమ్మాయి, తండ్రి ఎదుటి సోఫాలో, నేను మధ్యన. అమ్మాయి తల్లి వంటింటికీ గదికీ తిరుగుతోంది. అబ్బాయి తల్లికి ఆట తెలియదు.

"మొదట ఎవరు ఏరుకుంటారండీ?"

"నిరుడు అన్నిట్లోనూ ఓడి, ఆఖర్న నిలిచిన టీము" అన్నాడు భర్త.

ఆవిడ బజ్జీ నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసింది. "అదేం న్యాయమండీ! మన ఎంసెట్‌లో ఆఖరి ర్యాంకువాణ్ణి ముందు పిలిచి నీకే కాలేజీ కావాలి నాయనా అంటారా? మరి ఆ ఫస్టు వచ్చిన పిల్లాడు వెళ్ళి ఆ ఓడిన వాళ్ళింట్లో పడాలా? వాణ్ణెవరూ అడగరా?"

"అడగరు."

"హవ్వ!" అందావిడ. "మన పెళ్ళిచూపులే నయం."

అందరం నవ్వాం. అమ్మాయి కూడా నవ్వింది. చుడీదార్ నడుం దగ్గర చిన్న నల్లటి డబ్బాలాంటిది తగిలించుకుని ఉంది. అబ్బాయి తల్లి కళ్ళు దాని మీద పడ్డాయి.

"అదేంటమ్మా, ఇంట్లో కూడా?"

"ఆఫీసు పేజరండీ" అంది అమ్మాయి తల్లి, వంటింటి గుమ్మంలోంచి, కాస్త తొందరగా.

నాకూ ఎప్పుడో ఆ మాటే చెప్పింది. అంతకుమించి నాకేమీ తెలియదు. కానీ నోరు ఊరుకోదు కదా. "ఉత్త పేజరా అమ్మా అది! అది మోగిందంటే వాల్ స్ట్రీట్‌లో ఏవో షేర్లు పడిపోయినట్టే. ఓసారి ఆలయంలో అర్చన జరుగుతుండగా మోగింది. పంతులుగారు కూడా మంత్రం ఆపి, అమ్మా, ముందు అది చూసుకో, దేశం సంగతి అన్నారు."

అబ్బాయి తల్లి మురిసిపోయింది. అమ్మాయి నావైపోసారి చూసి తల దించుకుంది. సిగ్గనుకున్నాను.

చర్చ మొదలైంది.

"మనకి కావల్సింది రిసీవర్" అన్నాడు అబ్బాయి తండ్రి. "పరిగెత్తి బంతి పట్టేవాడు. గుర్రంలాంటి వాడు."

"పట్టేవాడెందుకంకుల్, విసిరేవాడే నిలబడకపోతే?" అంది అమ్మాయి. "లాస్ట్ సీజన్ మన క్వార్టర్‌బ్యాక్ ఆకాశం చూసినంత గ్రౌండ్ చూడలా. వీపు మీదే పడుకున్నాడు. ముందు లైన్. అతని వీపు కాసేవాణ్ణి తేవాలి."

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. కొడుకువైపు తిరిగి, "విన్నావురా?" అన్నాడు.

"డాడ్, నేను టూ మంత్స్ నుంచి అదే చెప్తున్నా" అన్నాడు అబ్బాయి. ఇక్కడే పుట్టిపెరిగిన పిల్లాడు. మాటలో తెలుగుందిగాని యాస అమెరికావాళ్ళది. "కానీ డిఫెన్స్ కూడా చూడాలి. వాళ్ళ రిసీవర్స్‌ని ఆపే మన కార్నర్స్ ఓల్డ్ అయిపోయారు."

"ఓల్డేం కాదు" అంది అమ్మాయి.

"ఒకాయన పరిగెడుతుంటే ఆయన నీడ ముందెళ్తోంది."

అమ్మాయి పకపకా నవ్వింది. నేను మనసులో పెళ్ళికి ఏ రంగు పంచె కట్టుకోవాలా అన్నంతదాకా వెళ్ళిపోయాను.

అప్పుడు టీవీలో ఓ కుర్రాణ్ణి చూపించడం మొదలెట్టారు. ముందు వరసలోనే పోతాడని అందరూ అనుకున్న పిల్లాడు. సరిగ్గా మనకి కావల్సిన, వీపు కాసే ఆటగాడే. ఒక టీము వదిలేసింది, ఇంకో టీము వదిలేసింది. కొత్త సూటు వేసుకుని, పక్కన అమ్మతో, చేతిలో మోగని ఫోనుతో అలాగే కూర్చున్నాడు. టీవీవాళ్ళు గుసగుసగా చెప్పారు: మోకాలికి పాత ఆపరేషన్ ఉందట, బయటకి చెప్పలేదట, టీముల డాక్టర్లు పరీక్షల్లో కనిపెట్టారట.

"అయ్యో పాపం, ఆ తల్లి మొహం చూడండి" అంది అబ్బాయి తల్లి.

"పాపమేంటి? లోపమున్న సరుకు" అన్నాడు భర్త. "మనవాళ్ళు గనక వాణ్ణి తీసుకున్నారో, ఈ టీవీ మీద ఒట్టు, నేను టీము మారిపోతాను."

"మా టీవీ మీదెందుకు లెండి ఒట్టు" అన్నాడు అమ్మాయి తండ్రి. నవ్వాలని చూశాడుగాని నవ్వు రాలేదు.

"నేనైతే తీసుకుంటా" అన్నాడు అబ్బాయి. "మోకాలు హీల్ అవుతుంది. అందరూ భయపడి వదిలేశారు కాబట్టి మనదాకా వచ్చాడు. మంచి ఆటగాడు."

అమ్మాయి ఒప్పుకుంటుందనే అనుకున్నాను. లైను కావాలని గొంతు చించుకున్నది తనే కదా.

"నేను తీసుకోను" అంది.

"ఎందుకు? మోకాలికా?"

"మోకాలిదేముంది, చూసుకుని ఆడించుకోవచ్చు. దాచాడు. అది నాకు నచ్చలా."

"హి ఈజ్ ఎ కిడ్. కోచ్ చెప్పొద్దని ఉంటాడు. ఏజెంట్ చెప్పొద్దని ఉంటాడు."

"ఎవరు చెప్పొద్దన్నా కాలు అతనిదేగా? అతనే చెప్పాలి."

"అమ్మాయ్, ఇంకాసిని బజ్జీలు పట్టుకురా" అంది తల్లి గుమ్మంలోంచి. చూస్తే గుమ్మం కమ్మీ గట్టిగా పట్టుకుని నిలబడింది.

అమ్మాయి లేవలేదు. సరిగ్గా అప్పుడే ఆ నల్ల డబ్బా కుయ్ కుయ్‌మంది.

"వాల్ స్ట్రీట్!" అన్నాను నేను, సమయస్ఫూర్తి చూపించానన్న సంబరంతో.

"వెళ్ళమ్మా, ఫోన్ చేసి రా. ఉద్యోగం ముఖ్యం" అంది అబ్బాయి తల్లి.

అమ్మాయి దాన్ని నడుం నుంచి తీసి అరచేతిలో పట్టుకుంది. దాన్నించి సన్నటి గొట్టం ఒకటి బట్టల్లోకి పోతోంది. పేజరుకి గొట్టం ఉండటం నేనెక్కడా చూడలేదు.

"ఇది పేజర్ కాదు ఆంటీ. ఇన్సులిన్ పంప్. నాకు డయాబెటిస్, కాలేజీ నుంచి. మందు అయిపోయేటప్పుడు మోగుతుంది. పైకెళ్ళి మార్చుకొస్తా."

మెట్లెక్కి వెళ్ళిపోయింది.

అబద్ధాలతో నాకున్న పరిచయం చిన్నది కాదు. నా అబద్ధం ఎప్పుడు పుట్టిందో, ఎవరి చెవిలో పెరిగిందో నాకు తెలుస్తూంటుంది. కన్నబిడ్డల్లాంటివవి. నాకే తెలియకుండా నా నోట ఒకరి అబద్ధం పెరిగి, పంతులుగారి చేత మాట్లాడించేంతదాకా వెళ్ళడం ఆ రోజే చూశాను. చేతిలో బజ్జీ ఉందన్న సంగతి అది ఒళ్ళో పడ్డాక తెలిసింది.

అబ్బాయి తండ్రి మెల్లగా నావైపు తిరిగాడు. "దేశం సంగతన్నారు మాస్టారూ."

"నాకు... పేజరనే..."

"అన్నయ్యగారికి తెలియదండీ" అంది అమ్మాయి తల్లి. "నేనే అలా చెప్పాను. మా పిల్లనీ చెప్పొద్దన్నాను. ముందు చెప్పేస్తే గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతున్నారండీ. మనిషిని చూడకుండానే. ఒకసారి చూసి, మాట్లాడి, నచ్చాక చెబుదామని..." కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

అమ్మాయి తండ్రి టీవీవైపే చూస్తున్నాడు. దవడ ఎముక మాత్రం కదులుతోంది.

"పెళ్ళి విషయంలో దాపరికమా!" అంటూ అబ్బాయి తండ్రి లేచి జేబులోంచి కారు తాళాలు తీశాడు. "జబ్బు మాట పక్కన పెట్టండి. దాచడం ఉంది చూశారూ, అది మోసం. లేవండి. లేవరా."

భార్య సగం లేచింది. కొడుకు కదల్లేదు.

"లేవమంటుంటే?"

"డాడ్, కూర్చోండి."

"ఏమన్నావ్?"

అప్పటికి అమ్మాయి కిందికొచ్చింది. నిలబడ్డవాళ్ళని చూసింది, వాళ్ళమ్మని చూసింది, అంతా అర్థమైనట్టుంది. చివరి మెట్టు మీదే ఆగిపోయింది.

అబ్బాయి ఆ అమ్మాయినే చూస్తూ అన్నాడు. "నాక్కూడా ఒకటుంది. నాకు జాబ్ లేదు. లేఆఫ్ చేశారు. వింటర్‌లోనే. డాడ్ చెప్పొద్దన్నారు."

తాళాలు పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. ఆ పెద్దమనిషి మొహం మీది రంగు నా కళ్ళ ముందే దిగిపోయింది. ఇప్పుడు అమ్మాయి తండ్రి టీవీ మీంచి చూపు తిప్పి, నేరుగా నన్నే చూశాడు.

"సగం మాత్రలు తయారవ్వవన్నావు గురూ."

రెండువైపులా నాకే అబద్ధమిచ్చి, నా చేతే మోయించారు. నలభై దాటిన మనిషిని, కోతలు కోయడంలో పేరున్నవాణ్ణి, నన్ను! అక్కడెవరికీ నా బాధ పట్టలేదు.

"ఎక్కడో దొరుకుతుందిలే, ఈలోపు కుదిరితే చెబుదామని..." అన్నాడు అబ్బాయి తండ్రి. అచ్చం ఇందాక ఆ తల్లి అన్నట్టే అన్నాడు. తనకీ అలాగే వినపడిందేమో, కూర్చుండిపోయాడు. సోఫా చప్పుడు చేసింది.

"నేను వద్దనే మొత్తుకున్నానండీ" అంది ఆయన భార్య, గదిలో అందరితోనూ. తర్వాత మెట్టు మీదున్న పిల్లతో, "నొప్పెడుతుందామ్మా, అది పెట్టుకుంటే?"

"అలవాటైపోయింది ఆంటీ."

"తీపి తినకూడదా మరి? కేసరి చేశారు మీవాళ్ళు."

"లెక్క చూసుకుని తింటా."

ఆవిడ తలూపింది. అమ్మాయి వచ్చి మళ్ళీ తన సోఫాలో కూర్చుని టీవీ వంక చూసింది.

"మనవాళ్ళు ఎవర్ని తీసుకున్నారు?"

ఎవరూ చూడలేదు. ఏడాదంతా ఆ ఒక్క క్షణం కోసం కాచుకు కూర్చున్న మనుషులం, పెద్ద టీవీ ముందు కూర్చుని కూడా, ఒక్కరమూ చూడలేదు. అబ్బాయి రిమోట్ అందుకోబోయి, మర్యాద కాదనుకున్నాడేమో, వెనక్కి తీసుకున్నాడు.

"ఇంకేమైనా ఉందా?" అంది అమ్మాయి అతనితో.

"హైస్కూల్లో వన్ ఇయర్ ఆ రెండో టీమ్‌కి ఫ్యాన్‌ని."

"అది సీరియస్" అంది అమ్మాయి, మొహం మాత్రం బిగబట్టుకుని. మళ్ళీ తనే, "నెక్స్ట్ సాటర్డే మనిద్దరమే కలుద్దాం. పేరెంట్స్ వద్దు. నేను ఎస్ అన్లేదు, నువ్వూ అన్లేదు. ఓకే?"

"ఓకే."

"అంకుల్, మీరు అసలొద్దు."

నన్నే. తలూపాను.

పెళ్ళిచూపుల్లో ఫలహారం చేస్తారుగాని, మాట కుదిరేదాకా మగపెళ్ళివారు ఆ ఇంట్లో అన్నం ముట్టరు. అది మా వైపు పద్ధతి. అబ్బాయి తల్లికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. ఆవిడ లేచి, కొంగు నడుముకి దోపుకుని, గుమ్మం దగ్గర ఇంకా కళ్ళు తుడుచుకుంటున్న అమ్మాయి తల్లి దగ్గరికెళ్ళింది.

"అన్నం వండారా వదినగారూ?"

ఆవిడ బెదిరిపోయి చూసింది. "పప్పూ, వంకాయా ఉన్నాయండీ. మీరు తింటారనుకోలేదు..."

"బియ్యం ఎక్కడున్నాయో చూపించండి" అంటూ ఈవిడ వంటింట్లోకి నడిచింది. అబ్బాయి తండ్రి భార్య వీపుకేసి కాసేపు చూసి, కారు తాళాలు జేబులో పెట్టుకున్నాడు.