మగ్గం గుంతలో పోసిన నీళ్లు

ధర్మవరంలో ఆషాఢపు గాలి మొదలైతే వీధిలో మనిషి నోరు తెరవలేడు, తెరిస్తే నోటినిండా మట్టే. ఊళ్లో అందరికీ పెదాలు పగులుతాయి, మడమలు పగులుతాయి. అలాంటి ఊళ్లో లక్ష్మీనరసమ్మ ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం చొక్కా వీపుకు అంటుకుంటుంది. జాడీలో ఉప్పు నీరుకారిపోతుంది, అప్పడం వేయించి దించేలోపే మెత్తబడుతుంది. ఇదేం విడ్డూరమమ్మా అని అడిగితే ఆమె మగ్గం వైపు చెయ్యి చూపిస్తుంది.

పట్టుపోగుకు పొడిగాలి పడదు. ఎండితే పుటుక్కున తెగుతుంది. అందుకని ఆమె మొగుడు ఈశ్వరప్ప కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలో పొద్దున్నే నీళ్లు చల్లాలి. గోడలకు తడి గోనెపట్టాలు వేలాడదీయాలి. కిటికీలు బిగించి సందుల్లో గుడ్డలు కుక్కాలి. ముదిగుబ్బలో ఆరుబయట నులకమంచం మీద పడుకుని పెరిగిన పిల్ల, కోడలై వచ్చిన మర్నాటి నుంచి చేసిన పని ఇదే. చీర నేసింది ఈశ్వరప్ప అని ఊరంటుంది. తడిపింది ఎవరని అడగదు. అడిగితే అది ఊరెందుకవుతుంది!

ఈసారి ఆ ఇంటికి కూతురు అరుణజ్యోతి తొలికాన్పుకు వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింతకు గాలి తగలకూడదు కాబట్టి ఫ్యాను లేదు, కూలరు మాటే లేదు, చెవుల్లో దూది, తలకు గుడ్డ. మగ్గానికీ గాలి పడదు, బాలింతకూ పడదు, ఇక కిటికీ తెరిచే నాథుడెవడు? వెనక గదిలో తల్లీబిడ్డా కుడుముల్లా ఉడికిపోయారు. బిడ్డకు మెడచుట్టూ, తొడల సందునా చెమటకాయలు లేచాయి. రెండు గుక్కలు పాలు తాగడం, విదిలించుకుని ఏడవడం. పిల్ల బరువు పెరగడం లేదని సూది వేయడానికి వచ్చిన నర్సు చెప్పిపోయాక, అరుణజ్యోతి తేల్చి చెప్పేసింది.

"ఈ ఉక్క ఇట్లే ఉంటే నేను ఆదివారం గోరంట్లకు పోతానమ్మా. మూడో నెల దాకా ఈడ ఉంటే బిడ్డ నాకు దక్కదు."

దక్కదు అన్న మాటతో లక్ష్మీనరసమ్మకు రెండు భయాలు పట్టుకున్నాయి. పచ్చి బాలింత ఇల్లు దాటి పోతుందేమోనని ఒక భయం. కూతురు అన్నది నిజమేనేమోనని అంతకంటే పెద్ద భయం.

గోరంట్లలో మొబైళ్ల అంగడి పెట్టుకున్న అల్లుడు ఆనంద్ ఏసీ పెట్టిస్తానన్నాడు. చల్లగాలి తగిలితే తల్లికి వాతం, బిడ్డకు పడిశం అని అత్త ఒప్పుకోలేదు. సరేనని అతను ఆదివారం బండి వెనక ఒక తెల్లటి పెట్టె కట్టుకొచ్చాడు. డీహ్యూమిడిఫయర్ అన్నాడు. ఇది గదిలో తేమను పీల్చి డబ్బాలో పడేస్తుందనీ, తేమ పోతే చెమట ఆరుతుందనీ, చెమట ఆరితే ఒళ్లు దానంతటదే చల్లబడుతుందనీ ఓపిగ్గా వివరించాడు. ఆమె ఒక్క ముక్కా వినలేదు. పెట్టె ముందు అరచెయ్యి పెట్టి చూసింది. వెచ్చటి గాలి!

"ఇది యెచ్చగా ఊదుతాండాది కదప్పా. అయితే ఉండనీ," అంది.

బాలింతకు వెచ్చదనం మంచిదే కదా మరి. చల్లబరచడానికి తెచ్చిన మిషను, వెచ్చగా ఉన్నందుకు ఇంట్లో చోటు సంపాదించుకుంది. ఏ అల్లుడికీ అత్తగారింట్లో ఇంత సులువుగా పని జరిగి ఉండదు.

సాయంత్రానికి గదిలో ఉక్క తగ్గింది. బిడ్డ కడుపునిండా తాగి నిద్రపోయింది. అరుణజ్యోతి గోరంట్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఈలోగా డబ్బా నిండింది. కొళాయికే నీళ్లు సరిగ్గా రాని ఊళ్లో ఇన్ని నీళ్లు యాడివని లక్ష్మీనరసమ్మ మొదట బిత్తరపోయింది. కాసేపటికి అర్థమైంది, పొద్దున తను గుంతలో పోసినవే. పారబోయడానికి చేతులు రాలేదు. తీసుకెళ్లి మళ్లీ గుంతలోనే చల్లింది. మర్నాడూ అంతే. ఆమె పోయడం, మిషను తాగడం, ఆమె మళ్లీ పోయడం.

ఎంత పోసినా మిషనుతో సరితూగలేకపోయింది. రెండు గదుల మధ్య ఉన్న పాత తలుపుకు సందులెక్కువ. మగ్గం ఉన్న ముందు గది కూడా ఆరిపోసాగింది, నిలువునా సాగదీసిన పడుగు పోగులు తెగసాగాయి. తెగిన పోగు అతకడం కూడా లక్ష్మీనరసమ్మ పనే. ఒకటి అతికేలోపు పక్కది తెగేది. శ్రావణంలో పెళ్లికి అందించాల్సిన చీర అది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, ఆమెకు ముందు మగ్గం గుంత, వెనక బాలింత.

ఒకనాడు ఈశ్వరప్ప అడ్డపోగు నడిపే నాడె పక్కన పడేసి, ఆ పెట్టె ఆపమని గట్టిగా అరిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు. మగ్గం మీద చీర ఉన్నన్నాళ్లు ఆయనకు ఇంట్లో మనుషులు కనబడరు, అంతే. ఆయనకు ఎన్నడూ ఎదురు చెప్పని లక్ష్మీనరసమ్మ, ఆ రోజు పోగు అతుకుతూ, తల ఎత్తకుండానే అంది.

"మన పెద్దోన్ని ముదిగుబ్బ నుంచి మూడో నెల్లో ఈ ఇంటికి ఎత్తుకొస్తి. అప్పుడూ ఆషాడమే. పిల్లోడు దగ్గుతాండాడు, ఒక్క కిటికీ తియ్యమంటి. పోగులు తెగుతాయంటివి. ఆ సీరెలో ఒక్క పోగూ తెగల్యా. పిల్లోడే పోయినాడు."

ఇన్నేళ్లలో ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఈశ్వరప్ప గుంతలోంచి లేచాడు. గుడ్డ తడిపి తెచ్చి పడుగు మీద కప్పాడు. చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. తిరిగి వచ్చి, చీర శ్రావణానికి అందదని, నేతకిచ్చిన సావుకారికి చెప్పేసినానన్నాడు. మిషను ఆగలేదు.

మూడో నెలలో బిడ్డ బొద్దుగా, నున్నగా గోరంట్లకు పోయింది. మిషను ఇక్కడే ఉండనీ అత్తా అని ఆనంద్ వదిలిపోయాడు. మర్నాడు పొద్దున లక్ష్మీనరసమ్మ ఎప్పటిలాగే గుంతలో నీళ్లు చల్లింది, గోనెపట్టాలు తడిపింది. ఈశ్వరప్ప పడుగు మీది గుడ్డ తీసి మగ్గంలో కూర్చున్నాడు. మధ్యాహ్నం ఆమె గోడకు ఆనుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఏ పోగు తెగుతుందా అని చూస్తోంది. ఆయన మగ్గం ఆపి ఆమెకేసి చూశాడు. అలా చూడటం ఆమెకు అలవాటు లేదు. చీరలో ఏదో తప్పు వచ్చిందనుకుంది.

"లోపలికి పోయి ఆ మిషనేసుకుని పండుకో పో," అన్నాడు. "తెగితే నేనే అతుక్కుంటాలే."

ఆమె వెనక గదిలోకి పోయింది. తలుపు వేసుకుని, మిషను వేసుకుని, చాప మీద ఒరిగింది. మెడ మీద చెమట ఆరింది. కోడలై వచ్చాక ఆ ఇంట్లో పగలు నిద్రపోవడం అదే మొదలు. ముందు గదిలో మగ్గం చప్పుడు ఆగుతోంది, మళ్లీ మొదలవుతోంది. ఆగిన ప్రతిసారీ ఎక్కడో ఒక పోగు తెగినట్టే. ఆయన పిలవలేదు.