బంధువుల కుర్చీ

డాక్టర్ సుభద్రగారు గుండెపోటుతో పోయారని ఓపీ మొదలవకముందే కబురొచ్చింది. నాకు దుఃఖం కలగలేదు. "హమ్మయ్య, ఇక ఈ అంతస్తులో అరుపులుండవు" అన్నాను, నర్సు వింటుండగానే. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో అది చిన్నది.

ఎల్బీనగర్‌లోని మా ఆసుపత్రిలో ఆమె మానసిక వైద్యురాలు, నేను జనరల్ ఫిజీషియన్‌ని. పక్కపక్క గదులు. ఒకరంటే ఒకరికి పడేది కాదు. నా గదిలో రోగి పక్కన బంధువులకో కుర్చీ ఉండేది. ఆమె వచ్చి, అందరూ చూస్తుండగా దాన్ని ఎత్తి వరండాలో పడేసేవారు.

"పేషెంటును చూస్తున్నవా, పంచాయితీ పెట్టినవా? అత్త పక్కకు కూసుంటె ఏ కోడలన్న బతకబుద్ధయితలేదని చెప్తదా?"

"బయటికి పంపిస్తే గొడవ చేస్తారండీ మేడమ్."

"నీకు చాతగాకపోతె నన్ను పిలువు. నేను తిట్టి పంపుత. నన్ను తిట్టుకుంటె తిట్టుకోని, మనిషైతె దక్కుతది."

నేను కుర్చీని మళ్ళీ లోపల వేయించేవాణ్ణి. ఆమె మీద యాజమాన్యానికి ఫిర్యాదు కూడా చేశాను.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లల్ని హాస్టల్ వార్డెన్ వెంటబెట్టుకొస్తే ఆయన్నీ తరిమేవారు. తలుపు మూశాక ఆ గొంతే మారిపోయేది. నిద్ర, తిండి, ఇంటి సంగతులు అడిగి, ఆ తర్వాత సూటిగా: "బతుకు మీద ఇసుగొచ్చిందా బిడ్డా? సచ్చిపోదామనిపిస్తున్నదా?" మాతో అనేవారు: "అడిగితె లేని ఆలోచన పుట్టదు. అడగకపోతె ఉన్నది బయటికి రాదు."

ఆమె పోయిన ఉదయమే మీర్‌పేట్ నుంచి ఒకామె తలనొప్పి, నిద్రలేమితో వచ్చింది. భర్త ఆ కుర్చీలో కూర్చున్నాడు. మందులు రాస్తూ, తలెత్తకుండా అడిగాను: "ఆత్మహత్య ఆలోచనలు ఏమైనా ఉన్నాయా అండీ?" ఆమె భర్త వైపు చూసింది.

"దీనికేం రంది సార్? ఇంట్ల కూసొని తింటది" అని అతను నవ్వాడు.

"లేవు సార్" అందామె. లేవనే రాసుకున్నాను.

సాయంత్రం ఆసుపత్రిలో సంతాపసభ. "తీరని లోటు" అన్న ప్రతి నోరూ బతికుండగా ఆమెను పిచ్చి డాక్టరన్నదే. నాదీ అంతే. పటం ముందు పూలు వేయబోతుంటే ఆ మీర్‌పేట్ ఆమె చూపు గుర్తొచ్చింది. పూలు చేతిలోనే ఉండిపోయాయి. బయటికొచ్చి భర్తకు ఫోన్ చేసి, బీపీ మళ్ళీ చూడాలి, వెంటనే తీసుకురమ్మన్నాను.

వచ్చారు. అతన్ని గుమ్మంలోనే ఆపాను.

"మొగుణ్ణి సార్ నేను. నాకు తెల్వకుండ ఏంది?"

"బయట కూర్చోండి!" అని మొదటిసారి ఒక బంధువు మీద అరిచాను. తలుపు వేసి, ఆమెకు ఎదురుగా కూర్చుని, నిద్ర దగ్గర మొదలుపెట్టాను. చివరికి సుభద్రగారి మాటలతోనే అడిగాను. నా యాసలో అవి వంకరగానే పలికాయి. ఆమె చాలాసేపు ఏడ్చింది.

"అవు సార్" అంది. "పొద్దున ఆయన ఉండె గద."

ఆమెను ఇంటికి పంపలేదు. ఆసుపత్రిలో చేర్చి, తోడుండడానికి వాళ్ళక్కను పిలిపించాం. ఇప్పుడామె వారం వారం చూపించుకోవడానికి వస్తోంది.

కుర్చీని నేనే మోసుకెళ్ళి సుభద్రగారి మూసిన గది ముందు పెట్టాను. ఎవరు లోపలికి తెచ్చినా అరుస్తున్నాను.