ఎనెలేసి ఇంటి తలుపు

ఆఫ్రికాను బాగుచేయమని జెఫన్యా చిపేతాకు దేవుని పిలుపు అందింది. వాళ్లు మాట్లాడే చిచేవా భాషలో జాతిని ఉద్ధరించడానికీ, కుర్చీకి ఊడిన కాలు బిగించడానికీ ఒకటే మాట. చిక్కంతా అక్కడే వచ్చింది. దేవుడు ఏ అర్థంలో అన్నాడో జెఫన్యా విచారించలేదు. ఖండాన్ని ఏ మూలనుంచి మొదలుపెట్టాలో పైనుంచి సెలవు కాలేదు గనుక, పొరుగువాళ్ల సామానుతో మొదలుపెట్టాడు.

ఆయన సంఘపెద్ద. వస్తువు పట్టుకుపోయే ముందు అడిగేవాడు కాడు. పిలుపు ఉన్నవాడికి అనుమతి అనవసరమని ఆయన సిద్ధాంతం. తిరిగివచ్చిన వస్తువు మునుపటికన్నా మెరుగైందని ఇంతవరకు ఎవరూ సాక్ష్యం చెప్పలేదు. పాస్టరు కలీండా గారి సైకిలు బాగుపడి వచ్చాక ఎడమవైపు తిరగడం మానేసింది. అన్నీ కుడి మలుపులే ఉన్న దారులు వెతుక్కుంటూ ఆయన సంఘస్థులను దర్శించవలసి వచ్చేది.

"పెద్దాయనా, ఈ మరలు మిగిలిపోయాయేమిటి?" అని పాస్టరు గారు ఒకసారి అడిగారు.

"చేసినవాళ్లు ఎక్కువ పెట్టారండీ."

"ఆఫ్రికా చాలా పెద్దది కదా. నా సైకిలును వదిలేయకూడదూ?"

"ఇలా ఎవరికి వారు వదిలేయమనబట్టే అది ఇలా తగలడింది."

తర్కంలో దోషం ఎక్కడుందో పాస్టరు గారికి దొరకలేదు. వేదాంత కళాశాలలో ఆ పాఠం చెప్పలేదు.

జెఫన్యా పొరుగింటి ఎనెలేసికి ఆ ఏడు వానలకు ముందు భర్త పోయాడు. ఏడవడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఆమె తలుపు వేసుకుంది. ఆ ఊళ్లో ఎవరింటికి వెళ్లినా వాకిట నిలబడి "ఓడి" అనాలి. లోపలివాళ్లు "ఓడిని" అంటేనే అడుగు పెట్టాలి. మూసిన తలుపు వెనకనుంచి బదులు రాకపోతే, ఇంట్లో లేరనుకుని మరలిపోవడం మర్యాద. సంఘ స్త్రీలు న్సీమా అనే మొక్కజొన్న సంకటి గిన్నెలు పట్టుకుని వచ్చేవారు, ఓడి అనేవారు, మర్యాదగా మరలిపోయేవారు. చాపమీద కూర్చుని ఎనెలేసి వాళ్ల అడుగుల చప్పుడు వినేది. పొయ్యి వెలిగించని రోజులు పెరిగాయి. ఊరి మర్యాదే తనను మెల్లగా చంపేస్తుందని ఆమెకు తెలుస్తూనే ఉంది. అందులో అభ్యంతరమేమీ కనిపించలేదు.

ఒకనాటి ఉదయం జెఫన్యా వచ్చాడు. ఓడి అనలేదు. బందుల మేకులు ఊడబీకి, తలుపును నెత్తికెత్తుకున్నాడు.

"ఏం చేస్తున్నావు, బాబాయ్?"

"బాగుచేయాలి."

"దొంగలొస్తే?"

"మా కుక్కను పంపిస్తాలే, వాకిట్లో పడుకుంటుంది."

"అది మొరగదుగా."

"మొరిగేది. నేనే బాగుచేశాను."

మొదట వచ్చింది ఆయన భార్య డోరికా. గడప బయట నిలబడి, ఎదురుగా కూర్చున్న ఎనెలేసినే చూస్తూ "ఓడి" అంది. బదులు లేదు. మళ్లీ అంది.

"నేను లేను, పిన్నీ."

"లేనిదానివి ఎక్కడికెళ్లావు?"

ఎనెలేసి చాపమీద కాస్త జరిగి "ఓడిని" అంది.

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. కనిపిస్తున్న మనిషి లేనట్టు నటించడం ఎంత దుఃఖంలోనైనా కుదరని పని. వచ్చినవాళ్లు గిన్నె ముందు పెట్టి కదలకుండా కూర్చుంటే తినకపోవడం అమర్యాద, తిన్నది. మేకలు ఓడి కూడా అనకుండా వచ్చేవి. వాటిని తోలడానికి లేచింది, లేచింది గనుక చీపురు పట్టింది. వచ్చినవాళ్లకు టీ అయినా ఇవ్వాలని పొయ్యి ముట్టించింది. ఒక్క ఘడియ ఏకాంతం లేకపోయిందని ఒళ్లు మండి, చివరకు తలుపు కోసం తానే బయలుదేరింది. భర్తను సమాధి చేసి వచ్చాక ఆమె గడప దాటడం అదే మొదలు.

తలుపు జెఫన్యా ఇంటి గోడకు ఆనించి ఉంది. సాలీడు గూడు కట్టింది. ఉలి తగిలిన గుర్తు ఒక్కటీ లేదు. ఆమె చేత్తో తడిమి చూసింది.

"ముట్టుకోనైనా లేదు నువ్వు. దీనికేం చెడిందని ఎత్తుకొచ్చావు?"

జెఫన్యా ఎవరిదో గొడుగు ఊచలు ఊడదీస్తూ తలెత్తలేదు. "చెడిందని నేనన్నానా?"

"మరేమిటి దీని జబ్బు?"

"మరీ బాగా మూసుకుంటోంది, అమ్మాయ్."

ఎనెలేసి తిట్టాలనే వచ్చింది, సరైన తిట్టు దొరకలేదు. "రేపొచ్చి బిగించు," అని మాత్రం అంది.

మరునాడు ఆయన బిగించాడు. ఏ లోపమూ లేని ఆ తలుపు, ఆయన చేయి పడ్డ తర్వాత ఎంత లాగినా గడపదాకా రాలేదు. బెత్తెడు సందు మిగిలిపోయింది. ఆ సందులోనుంచి లోపలున్నవాళ్లు చక్కగా కనబడతారు. పక్క వీధిలోనే మంచి వడ్రంగి ఉన్నాడు. ఎనెలేసి అతణ్ణి పిలవలేదు. జెఫన్యా పనితనాన్ని గురించి ఇంతకన్నా గొప్పగా చెప్పడం కష్టం.