శుభలేఖ అచ్చులో విరిగిన కొమ్ము

పోయిన వారం ఆఫీసులో ఒకాయన తన పెళ్లికార్డు ఇచ్చాడు. కవరు అడుగున చిన్న అక్షరాలతో ‘చేత్తో చేసినది’ అని ఉంది. అలాంటి మాట కనిపిస్తే నేను ఊరుకోలేను. ముందు కవరు వెనక్కి తిప్పి చూశాను, తర్వాత అంచు పువ్వుల మధ్య ఎడం స్కేలుతో కొలిచాను, చివరికి వాసన కూడా చూశాను. “అక్షింతలు వెయ్యమని కార్డిస్తే పోస్టుమార్టం చేస్తున్నావేంటయ్యా” అన్నాడు పక్క సీటాయన. ఎడం అన్నిచోట్లా ఒక్కటే. మెషీన్ పనే. కానీ ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడం నేను పెడనలో, మా మావయ్య ఇంట్లో నేర్చుకున్నాను. అదీ చాలా ఆలస్యంగా.

మావయ్య మా అమ్మకు తమ్ముడు. బట్టల మీద కలంకారీ అద్దకం ఆయన పని. దుప్పట్లకు గిరాకీ తగ్గాక, ఉన్న రెండు బల్లల్లో ఒకటి అమ్మేసి రెండోదాని మీద కాగితం పరిచాడు. పాత గుడ్డలు నానబెట్టి రుబ్బి చేసిన మందపాటి కాగితం. దాన్ని కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టి, బెల్లం నీళ్లలో ఇనప తుక్కు ఊరేసిన రంగుతో చెక్క అచ్చు వేసేవాడు. అద్దిన క్షణంలో పలచని టీ మరకలా ఉండేది, చూస్తుండగానే దానంతట అదే నల్లబడేది. అప్పట్లో గుడ్లవల్లేరులో ఇంజినీరింగ్ చదువుతున్న నాకు ఆ నల్లబడటం మీద కూడా అనుమానమే. ఏదో షాపు రంగు కలుపుతున్నాడని కుండ అడుగుదాకా పుల్ల పెట్టి చూశాను. “ఇంజినీరుగారికి మంచినీళ్లిస్తున్నాను, కొలుచుకుని తాగుతారో ఏంటో” అనేది అత్తయ్య.

ఆయనకు నమూనాలు ఎక్కడపడితే అక్కడ దొరికేవి. నేను జాబితా రాసుకున్నాను కాబట్టి చెప్పగలను: అడ్డంగా కోసిన బెండకాయ, కృత్తివెన్ను చెరువుల దగ్గర ఆరేసిన వల, బస్సు సీటు మీద పగుళ్లు, అత్తయ్య జంతికల గొట్టంలోని చిల్లుల బిళ్ల. అక్షరాలది మాత్రం పెద్ద కథ. జీవితమంతా అచ్చుల మీద తీగలూ నెమళ్లూ చెక్కిన ఆచారిగారిని ‘శుభలేఖ’ అని చెక్కమంటే, ఆయన ముచ్చటగా, కాగితం మీద రాసినట్టే చెక్కి ఇచ్చాడు. అద్దితే అద్దంలో చూసినట్టు తిరగబడింది. “పువ్వుకి కుడేంటి, ఎడమేంటి బాబూ! నలభయ్యేళ్లుగా నాకీ బాధ లేదు” అన్నాడట. రెండోసారి తిరగేసి చెక్కాడు. కొమ్మూ ఏత్వమూ తీగల్లా వంపు తిరిగిన ఆ అక్షరాల అందం నాకు ఏ కంప్యూటర్ ఫాంటులోనూ కనిపించలేదు.

ఇంతలో బందరులో పెళ్లికార్డుల షాపాయన పువ్వుల అంచుతో మూడొందల కవర్లు అడిగాడు. షరతు ఒక్కటే, అంతా చేతిపని అయి ఉండాలి. నచ్చితే ఏడాది పొడుగునా పని. నచ్చకపోతే మిగిలిన బల్ల కూడా అమ్మేయాల్సిందేనని అత్తయ్య నా ముందే అంది. మావయ్య పది రోజుల గడువు అడిగి నాలుగు రోజుల్లో ముగించాడు. నా మొదటి అనుమానం అక్కడే. ఆదివారం నేను వెళ్తే కట్ట చేతికిచ్చి, “అల్లుడూ, బందరెళ్లి ఇచ్చిరా, నలపకు” అన్నాడు. బస్సులో విప్పాను. ‘శు’ కొమ్ము చివర చిన్న తునక లేదు. ఇరవై కవర్లు చూశాను, ఇరవైలోనూ అదే చోట, అదే కొలతలో లేదు. చేతిపనిలో ఒకే తప్పు ఇంత కచ్చితంగా ఎలా వస్తుంది? ఒకటి అద్ది, మిగిలినవి విజయవాడలో ఏదో ప్రెస్సులో కొట్టించాడని తేల్చేశాను.

షాపాయన కట్ట విప్పుతూ మాటవరసకి “అంతా చేత్తోనేగా బాబూ?” అన్నాడు.

“నాకైతే అనుమానంగానే ఉందండీ” అన్నాను, సొంత మావయ్య అని కూడా చూడని నా నిజాయితీకి నేనే మురిసిపోతూ. తునక లేని చోటు చూపించాను. ఆయన కట్ట మళ్లీ కట్టేసి, “పద, పెడన వెళ్దాం” అంటూ స్కూటర్ తీశాడు.

మావయ్య అంతా విన్నాడు. నా వైపు చూడలేదు. కాగితం పరిచి, అచ్చు రంగులో ముంచి, పెట్టి, పిడికిలితో రెండు దెబ్బలు వేసి ఎత్తాడు. అక్షరాలు మా కళ్ల ముందే నల్లబడ్డాయి. కొమ్ము విరిగే ఉంది. రెండోదీ అంతే. అచ్చు తిప్పి నా చేతిలో పెట్టాడు. కొమ్ము చివర చెక్క లేచిపోయింది.

“అచ్చు ఒక్కటే కదరా, దాని దెబ్బ అన్నిటి మీదా పడదూ?” అన్నాడు. “చెయ్యి ఉందో లేదో తెలియాలంటే పువ్వుల మధ్య ఎడం చూడు. నాకది ఎప్పుడూ ఒకేలా రాదు.”

కొలిచాను. ఏ రెండు కవర్లూ ఒకేలా లేవు. నాలుగు రోజుల లెక్క అత్తయ్య తేల్చింది: “పక్కన నేనూ కూర్చుని అద్దాను నాయనా. నా చేతులు నీకు చేతుల్లా కనబడలేదా?”

షాపాయన కవర్లు తీసుకున్నాడు. పని కూడా ఇస్తూనే ఉన్నాడు. కానీ ఆ రోజు గుమ్మం దాకా వెళ్లి ఆగి, “ఈసారి నుంచి అద్దేటప్పుడు కాస్త వీడియో తీసి పంపండి. నమ్మకం లేక కాదండీ, ఇంట్లోవాళ్లే అలా అన్నాక...” అన్నాడు.

“అలాగేనండీ” అన్నాడు మావయ్య.

అప్పటినుంచి కొత్త కట్ట మొదలుపెట్టినప్పుడల్లా అత్తయ్య ఫోన్ పట్టుకుంటుంది. ఆయన తన చేతులు కనబడేలా పక్కకి ఒదిగి, ఆ ఇరుకులోనే అద్దుతాడు. ఆ అచ్చు పోయి కొత్తది వచ్చింది, బందరు షాపు యజమాని కొడుకు చేతికి వెళ్లింది. వీడియో అడగడం మాత్రం ఆగలేదు. నా అనుమానం తీరడానికి పది నిమిషాలు పట్టింది. ఆ షాపులో నేను వదిలి వచ్చిన అనుమానానికి ఇన్నేళ్లూ చాలలేదు.