నీళ్ళ మీద వడ్డీ

మునిసిపాలిటీవాళ్ళు జనం దగ్గర అప్పు అడుగుతున్నారన్న మాట మొదట మా గడపకు తెచ్చింది పాలు పోసే అత్త. ఆమె ఆలూరు దిక్కు నుంచి మా ఊరికి కోడలుగా వచ్చి, ఈడనే ముసలిదయిన మనిషి. అప్పటికీ డబ్బును దుడ్లనే అనేది. ఆ పొద్దు పాలు కొలుస్తూ కొలుస్తూ చెయ్యి ఆపి, "ఇన్నావామ్మా, సర్కారుకే దుడ్లు కరువొచ్చెనంట. మనల్ని అప్పు అడగతాండారు. కాగితం రాసిస్తారంట, ఆర్నెల్లకోతూరి వడ్డీ గూడా ఇస్తారంట. ఆ దుడ్లతో ఏట్లో బాయి తవ్వి, ఇంజను పెట్టి, ఈదీదికీ కొళాయి ఏస్తారంట" అంది.

"నీకెవరు చెప్పినారత్తా?" అన్నాను.

"తప్పెట కొట్టి చెప్తాంటే నీ చెవులు యాడ పెట్టినావు? బజార్లో అందరూ ఒకటే నగతాండారు. పన్ను గుంజేటోళ్ళే వచ్చి అప్పియ్యమంటే నగక ఏం జేస్తారు?"

నాకు నవ్వు రాలేదు. పొయ్యి దగ్గర ఉన్న అక్క మసి చేతులతోనే బయటికొచ్చి, "మన మెట్టకు గూడా ఏస్తారంటనా?" అని అడిగింది. ఆ ఒక్క మాటే అడిగింది.

అక్క అంటే మా బావగారి భార్య, నా తోటికోడలు. బావగారు పోయినప్పటి నుంచి మాతోనే ఉండేది. మా ఇండ్లు ఊరి చివర మెట్ట మీద. మెట్ట మీది బావుల్లో నీళ్ళు ఉప్పు. పశువులు గూడా మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. తాగే నీళ్ళకు ఏటికి దిగాల. ఎండాకాలం ఏట్లో ఇసకే తప్ప పారే నీళ్ళు ఉండవు. ఇసకలో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో ముంచి కడవ నింపుకోవాల. నిండిన కడవ నెత్తిన, ఇంకొకటి చంకన పెట్టుకుని మెట్ట ఎక్కాల. నాకు చిన్నతనంలో కాలు విరిగి వంకరగా అతుక్కుంది. ఆ కాలు వల్లనే బడికి పోలేక నాయన దగ్గర ఇంట్లోనే చదువుకున్నాను. అదీ దేవుని దయే అనుకుంటాను. కానీ ఆ కాలుతో కడవ మోయలేను. నా వంతు నీళ్ళు కూడా అక్కే మోసింది. నా పిల్లలు తాగిన నీళ్ళు, వాళ్ళను కడిగిన నీళ్ళు, అన్నీ ఆమె మెడ మీదుగా వచ్చినవే.

ఆ మోతకే ఆమెకు కడుపు జారే జబ్బు, అంటే గర్భసంచి కిందికి దిగే జబ్బు, వచ్చింది. ఆడవాళ్ళు బయటికి చెప్పుకోని జబ్బు అది. మిషను ఆసుపత్రి డాక్టరు దొరసాని చూసి, "ఇంక బరువు ఎత్తితే నీ ప్రాణానికే చేటు" అని గట్టిగా చెప్పింది. అక్క సరేనని తలూపి, ఆ సాయంత్రమే గుడ్డ బిగించి కట్టుకుని ఏటికి పోయింది. పోకపోతే ఇంట్లో నీళ్ళేవి? అందుకే కొళాయి మాట వినగానే ఆమె పొయ్యి వదిలి బయటికొచ్చింది. మాకు కొళాయంటే ఊరి సొగసు కాదు. ఆమె ప్రాణం.

మా ఆయన బజారు నుంచి ప్రకటన కాగితం తెస్తే నేనే చదివి చెప్పాను. ఖర్చులో సగం దొరతనం ఇస్తుంది. మిగతా సగం ఊరివాళ్ళే అప్పుగా ఇయ్యాల. ఒక్కో పత్రం నూరు రూపాయలు. గడువులోపల అప్పు ఎంత పోగయితే గొట్టాలు అంతవరకే వేస్తారు. మొదట మునిసిపాలిటీ కచేరి, తర్వాత బజారు, అన్నిటికన్నా చివర మెట్ట.

"అంటే అప్పు నిండితేనే మనకు నీళ్ళు" అంది అక్క.

ఆమెకు అప్పుడే ఒక ఆలోచన తట్టింది. మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళందరం వంటకు గింజలు తీసినప్పుడల్లా ఒక పిడికెడు దేవుని కుండలో వేస్తాం. జొన్నలో కొర్రలో, ఇంట్లో ఏవుంటే అవి. కరువులో మనిషికి గంజి పలచనయ్యేది గానీ ఆ పిడికెడు మాత్రం తప్పేది కాదు. ఆదివారం అన్నీ పోగుచేసి వేలం వేసి, ఆ రూకలు మందిరం పెంకులకని పెట్టెలో దాచేవాళ్ళు. పెట్టెలో మూడు నాలుగు పత్రాలకు సరిపడా ఉండేది. "అవి ఊరికే మూలుగుతాండాయి గదా. పత్రాలు కొంటే అసలు యాడికీ పోదు, వడ్డీ వస్తాది, నీళ్ళూ వస్తాయి. పెంకులు ఇంకా గట్టివే ఎయ్యొచ్చు" అంది అక్క.

ఇంత తేటగా ఉన్న మాట పెద్దల చెవికి ఎక్కదని నేను కలలో కూడా అనుకోలేదు. ఆరాధన అయినాక మగవాళ్ళంతా మందిరం అరుగు మీద కూర్చున్నారు. మా ఆయన కూడా సంఘపెద్దే. ఆడవాళ్ళం గుమ్మం పక్కన నిలబడినాం.

ఒక పెద్దాయన మొదలుపెట్టాడు. "నీళ్ళు దేవుడిచ్చినవి. దప్పిగొన్నోనికి ఊరికే పోసేవి. వాటి మీద వడ్డీ తినేదా? మన తాతలు కరువులో గూడా చెంబు నీళ్ళకు కాసు తీసుకున్న పాపాన పోలేదప్పా."

ఇంకొకాయన అందుకున్నాడు. "అప్పుగా వద్దు. కానుకగా ఇచ్చేద్దాం. దేవుని సొమ్ము, దేవుని నీళ్ళకు. అంతే."

అందరూ ఆమెన్ అన్నారు. మా ఆయన కూడా అన్నాడు.

అక్క గుమ్మం దగ్గరి నుంచే, "నీళ్ళకు గాదు సామీ వడ్డీ, గొట్టానికి, ఇంజనుకు" అంది.

"ఏమమ్మా, వడ్డీ మీద అంత మనసుపడితివి, శెట్టి అంగడి పెడతావా ఏంది?" అని ఆ మొదటి పెద్దాయన అంటే మగవాళ్ళంతా నవ్వినారు. మా పాదిరి అయ్యగారు నవ్వలేదు, అట్లని ఏమీ అననూ లేదు. ఆయన మంచివాడే. ఆ ఒక్క పూట ఇంకొంచెం నోరున్న మంచివాడయి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

తమాషా ఏమిటంటే ఊరంతా ఇదే పాట పాడింది. గుడి పెద్దలూ, మసీదు పెద్దలూ మరే విషయంలోనూ ఏకమైనట్టు నేను చూడలేదు. దీంట్లో మటుకు అందరిదీ ఒకటే మాట. మామూలు రోజుల్లో అణాకు కూడా వడ్డీ వదలని వ్యాపారస్థులు సైతం, "నీళ్ళ మీద వడ్డీ తింటే వంశం ఎండిపోతుంది" అని చెంపలు వేసుకున్నారు. కచేరి ఉద్యోగులు, ఒకరిద్దరు వకీళ్ళు తప్ప పత్రం కొనడానికి ఎవరూ రాలేదు. దానం ఇయ్యడానికి మాత్రం తోసుకుంటూ వచ్చినారు. తప్పెట్లతో, దండలతో కచేరి వరండాకు పోయి పసుపుగుడ్డల్లో మూటలు పెట్టినారు. మావాళ్ళూ పాట పాడుకుంటూ పోయి పెట్టె మొత్తం అక్కడ కుమ్మరించినారు.

కచేరి గుమాస్తా నెత్తి పట్టుకున్నాడట. "అయ్యలారా, దొరతనం అడిగింది అప్పు. అప్పు లెక్కలో చేరితేనే అవతల సగం వస్తుంది. దానం ఆ లెక్కలో చేరదు. ఇదే రూకలు అప్పని చెప్పి ఇయ్యండి, వడ్డీ ఇష్టం లేకుంటే తర్వాత ఎవరికైనా దానం చేసుకోండి" అని బతిమాలినాడట.

"మా దానం నీకు చేదయిందా?" అని ఎవరో కసిరితే, ఇంకెవరో "వీడు మనచేత వడ్డీ తినిపించేదాకా వదిలేటట్టు లేడే" అన్నారట. మా ఆయన ఇదంతా ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటుంటే నా ఒళ్ళు మండిపోయింది.

"ఆయన చెప్పింది నిజమే గదా?" అన్నాను.

"నిజమేలే. కానీ అందరూ దానమిస్తా ఉంటే మన సంఘమొక్కటే వడ్డీకి ఎగబడితే ఏం బాగుంటాది?"

"అక్కకు ఏం బాగుంటాదో చూడు ముందు" అన్నాను. ఆయన పైగుడ్డ దులిపి భుజాన వేసుకుని బయటికి పోయినాడు.

అక్క మాటలతో పొద్దుపుచ్చలేదు. తన రెండు పొట్టేళ్ళు అమ్మేసింది. అయినా నూరు కాలేదు. పాలత్త తన దుడ్ల ముడి విప్పింది. "నా వంశం ఎప్పుడో ఎండింది, ఇంక ఎండేదానికేముండాది" అని నవ్వింది. మిగతాది మా పక్కింట్లో గాజులమ్ముకునే బీబమ్మ ఇచ్చింది. "వడ్డీ మాకు హరాము, తినగూడదు. నా వంతు నాకొద్దు. నాకు నీళ్ళు చాలు" అంది. ముగ్గురూ కలిసి ఒక పత్రం కొన్నారు. మెట్ట మొత్తానికీ అది ఒక్కటే. ఇంతమంది పెద్దలు నా ఇంటి చుట్టూ ఉండీ చేయని పని ముగ్గురు ముండమోసినవాళ్ళు చేసినారే అని ఆ పూట దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. స్తోత్రం చెప్పినా కోపం పోలేదు.

గడువు దాటింది. పోగయిన అప్పుకు గొట్టాలు కచేరి దాటి బజారు దాకా వచ్చి ఆగిపోయినాయి. బజారులో కొళాయి తిప్పిన నాడు పలహారాలు పంచినారు. మెట్ట దిగి అక్కడి నుంచి తెచ్చుకుందామంటే, కొళాయి పన్ను కట్టే బజారువాళ్ళు మమ్మల్ని దగ్గరికి రానీలేదు.

మరి దానం మూటలేమయినాయి? చేర్మన్ గారికి ఎన్నికల భయం. ఎవరి మూటా తిప్పి పంపలేదు. అన్నీ కలిపి కచేరి ముందర రాతి స్తంభాలతో పెద్ద చలివేంద్రం కట్టించినాడు. దానమిచ్చినవాళ్ళ పేర్లు రాతిలో చెక్కించినాడు. మా సంఘం పేరు కూడా ఉంది, రెండో వరసలో. దారిన పోయేవాళ్ళు చల్లగా తాగి దీవించి పోయేవాళ్ళు. కట్టడం బాగుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ అందులో కుండలు నింపేదానికి కొళాయి నీళ్ళు పనికిరావట! ఇంజను నీళ్ళు పుణ్యానికి చెల్లవని, చెలమ నీళ్ళే కావాలని దాతలు పట్టుబట్టినారు. ఎండాకాలమంతా దానమిచ్చిన ప్రతి సంఘం వంతులవారీగా నీళ్ళు మోయాల. మా పెద్దలు ఇంటికి దినమూ ఒక కడవ అని తీర్మానం చేసినారు.

ఆ తీర్మానం విన్న రోజు నేను అన్నం ముట్టలేదు. నీళ్ళు రావాలని ఎవరి ప్రాణం కోసం కోరుకున్నామో, ఆమె నెత్తి మీదికే ఇంకొక కడవ వచ్చింది.

"నువ్వు మోయి" అన్నాను మా ఆయనతో.

"మొగోడు కడవెత్తితే ఊరు నగదా?"

"ఊరు నవ్వకుండా ఉండేదానికే గదా పెట్టె కుమ్మరించినారు. ఇప్పుడు నగనీ."

మూడో పొద్దు ఆయన కావడి భుజాన వేసుకుని తనే ఏటికి పోయినాడు. ఆ ఎండాకాలం అంతా మోసినాడు. ఆ మాట చెప్పకపోతే నాది కృతఘ్నతే అవుతుంది. కానీ వానలు పడి చలివేంద్రం మూసినాక కావడి అటక ఎక్కింది. ఇంటి నీళ్ళు మళ్ళీ అక్క వంతే.

ఆరు నెలలకు మొదటి వడ్డీ వచ్చింది. అక్క కచేరికి పోయి వేలిముద్ర వేసి తెచ్చుకుంది. మందిరంలో ఆడవాళ్ళు కొందరు, "నీళ్ళ వడ్డీ తెచ్చుకుందమ్మా" అని గుసగుసలాడినారు. బీబమ్మ వద్దన్న వంతు ఆమె మాట మీదనే ఏటి దారిలో కూర్చునే ఒక గుడ్డివానికి ఇచ్చింది. తన వంతు ఆదివారం కానుక పళ్ళెంలో వేసింది. పళ్ళెం పట్టుకున్నది ఆ "శెట్టి అంగడి" అన్న పెద్దాయనే. దాన్ని చూసి, పళ్ళెం పట్టుకుని ముందుకు జరిగినాడు. బయటికొచ్చినాక అక్క నా చెవిలో, "పళ్ళెంలో పడినాక దానికి పాపం పోయిందేమోలే" అంది. ఇద్దరం నవ్వినాం. ఆ నవ్వుకే ఆమె నడుము పట్టుకుని కూర్చుండిపోయింది.

తర్వాతి ఎండలకు ఆమె లేవలేని స్థితికి వచ్చింది. దొరసాని వచ్చి చూసి, చెయ్యి దాటిపోయిందంది. అక్క చివరి దినాల్లో కూడా నాతో, "పత్రం గడువు తీరినాక అసలు వస్తాది, పాలత్త వంతు, బీబమ్మ వంతు మరచిపోవద్దు" అనే చెప్పింది. పెద్దలను ఒక్క మాట అనలేదు. నేను అంటుంటే ఆపేది. ఆమె ఓర్పు నాకు రాలేదు. ఇన్నేళ్ళ ప్రార్థనలోనూ రాలేదు.

మెట్ట మీదికి కొళాయి ఆమె పోయిన చాలా ఏళ్ళకు, ఇంకొక అప్పుతో, ఇంకొక పన్నుతో వచ్చింది. ఈసారి అప్పు ఇచ్చింది దొరతనమే కాబట్టి పుణ్యపాపాల చర్చ రాలేదు. ఆ నీళ్ళు నేనూ తాగుతున్నాను. తాగి స్తోత్రమే చెబుతున్నాను. నా మనవరాండ్లకు చెలమ అంటే ఏమిటో తెలియదు, అదీ ఒక దీవెనే.

చలివేంద్రం రాతి మీద ఉన్న పేర్లు చదివేవాళ్ళు చదువుతూనే ఉంటారు. మా అక్క పేరు ఏ రాతి మీదా లేదు. నేనూ ఇక్కడ రాయను. బతికుండగా ఎవరైనా పేరు పెట్టి పిలిస్తేనే సిగ్గుపడే మనిషి. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారయినా సరే, జారే కడుపును గుడ్డతో బిగించుకుని నా పిల్లలకు నీళ్ళు మోసిన ఆ ఒక్క మనిషిని ఒక్కసారి తలుచుకోండి.