అట్టడుగు పొరలో మా సారు

మా సారు పోయారన్న కబురు మొన్న పొద్దున ఆఫీసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. నేను మాత్రం "ఎప్పుడు? ఎక్కడ? ఏ ఆసుపత్రిలో?" అని వరసగా అడిగాను. అది ఆయన అంటించిన జబ్బే.

రాష్ట్రం సరిహద్దు అవతలున్న సుక్మా జిల్లాలో ఆయన లెక్కల అధికారి, నేను కాంట్రాక్టు మీద కంప్యూటర్ ఆపరేటర్‌ని. జిల్లాలోని చేతిపంపుల చార్టు ఇద్దరం కలిసి తయారుచేశాం. తెర మీద మొదట బ్లాకుల కడ్డీలుంటాయి. కొంటా బ్లాకు కడ్డీ నొక్కితే పంచాయతీలు, పంచాయతీని నొక్కితే దాని కిందున్న చిన్న చిన్న వాడలు, అక్కడి మాటలో పారాలు, పారాని నొక్కితే పంపు, దాని ఫోటో, దాన్ని చూసుకోవలసిన అధికారి పేరు. నడిస్తే పచ్చ, చెడితే ఎరుపు. ఎక్కువ పంపులు నడుస్తుంటే చాలు, పై కడ్డీ పచ్చగానే కనిపిస్తుంది.

"పైన పచ్చ చూసి మురవకు బిడ్డా, లోపలికి పో" అనేవారు.

ఆయన అన్నింట్లోనూ లోపలికే పోయేవారు. టిఫిన్ బాగుందంటే ఇడ్లీనా, చట్నీనా అని అడిగేవారు. చట్నీ అంటే పల్లీలా, పోపా? సెలవు అడిగితే ఇక నరకమే. పెళ్ళంటే ఎవరిది, పిన్ని కూతురిదంటే ఏ పిన్ని? అలా కూపీ లాగుతుంటే, లేని పిన్నికి పేరు పెట్టలేక నేనే సెలవు వద్దనేదాన్ని.

ఒక ఎండాకాలం పెద్ద మీటింగు జరిగింది. తెరంతా పచ్చగా ఉంది. పెద్దాఫీసరు "సబ్ ఠీక్ హై" అంటూ భోజనానికి లేవబోయాడు.

"ఠహరియే సాబ్" అని ఆయన్ని ఆపి, "నొక్కు బిడ్డా" అన్నారు మా సారు.

కొంటా నొక్కాను, పచ్చ. ఒక పంచాయతీ నొక్కాను. అందులో ఒకే ఒక్క పారా ఎర్రగా ఉంది. పారాలని చూసుకోమని అధికారులందరికీ పంచి ఇచ్చారు. ఆ ఎర్రది సారుకి అప్పగించిన పారాయే. మోకాలి నొప్పని అటు వెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చారు. అక్కడి ఆడవాళ్ళు వాగులో చెలమలు తవ్వుకుని నీళ్ళు ముంచుకుంటున్నారు.

"మౌసు పనిచేస్తలేదు సార్" అన్నాను.

"నిన్ననే కదా కొన్నది! ఏంది నీ కథ? నొక్కు."

నొక్కాను. తెర నిండా ఆయన పేరు. హాల్లో అందరూ ఆయన వైపు తిరిగారు. సారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"దొరికిండు దొంగ" అన్నారు.

అన్నం కూడా తినకుండా మెకానిక్‌ని బండెక్కించుకుని బయలుదేరారు. ఫోటో తీయడానికి నేను స్కూటీ మీద వెనకే వెళ్ళాను. పంపు బాగయ్యాక చార్టుకి తప్పదని నేను బలవంతపెడితే సారు పిడి పట్టుకుని ఫోటోకి నిలబడ్డారో లేదో, ఒక అవ్వ బిందెతో దూరింది. "జరుగు సారూ! నీ ఫోటో తర్వాత, నా బిందె ముందు."

నిన్న ఆఫీసులో సంతాప సభ. దండ తెచ్చారుగానీ, వేయడానికి ఆయన ఫోటో ఎక్కడా దొరకలేదు. ఫోటో అంటే తప్పించుకు తిరిగిన మనిషి. అప్పుడు నేను చార్టు తెరిచాను. బ్లాకు, పంచాయతీ, పారా, పంపు.

అక్కడున్నారు సారు. ఒళ్ళంతా తడిసి, కళ్ళజోడు వంకరపోయి, సగం ముఖం అవ్వ బిందె వెనక, మిగతా సగం నవ్వుతూ.

దండ కంప్యూటర్‌కే వేశాం. కాసేపు ముట్టుకోకపోతే ఆ చార్టు తనంతట తానే మొదటి తెరకి వెళ్ళిపోతుంది. అందుకే అందరూ కళ్ళు మూసుకుని మౌనం పాటించినంతసేపూ నేను మౌసు కదుపుతూనే ఉన్నాను.